దొంగ ఒకడు, దెబ్బలు ఇంకొకడికి: క్యాబేజీ పురుగుపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా లావేరు వైపు పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. కార్తీకం వచ్చిందంటే క్యాబేజీ రైతులు ఫోన్ పట్టుకుని దిగుతారు. అందులో ఎప్పుడూ ఒకటే రకం వీడియో: క్యాబేజీ ఆకు మీద తెల్ల సీతాకోకచిలుక, పక్కనే గుంపులుగా పురుగులు. మొన్న మావయ్య వరసాయన ఒకాయన వచ్చి, "మా తోట నిండా ఇవే ఎగురుతున్నాయి బాబూ, గట్టి మందు ఏటుంది?" అన్నాడు. అమ్మితే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ ఆ మందు ఆయన తోటకు మంచి చేయదు.

అపోహ: తెల్ల సీతాకోకచిలుకలు తిరిగితే క్యాబేజీకి మూడినట్టే.

వీడియోలోది అబద్ధం కాదు, కాకపోతే మన ఊరిది కాదు. క్యాబేజీని తినే పెద్ద తెల్ల సీతాకోకచిలుక ఉత్తరాదిది. హిమాలయాల కొండలు, వాటి కిందనున్న పంజాబ్, ఉత్తరప్రదేశ్, బీహార్ మైదానాలు దాని నివాసం. చలికాలంలో మైదానంలో ఉంటుంది, ఎండలు ముదిరితే కొండెక్కుతుంది. ఆకు మీద పసుపు గుడ్లు గుత్తిగా పెడుతుంది. పిల్లలన్నీ కలిసి తిని ఈనెలు మిగులుస్తాయి.

మన గట్ల మీద ఎగిరేవి వేరు. కాస్త పెద్దగా, పసుపు కలిసిన తెలుపులో జోరుగా పోయేవాటి పిల్లలు రేల, తంగేడు లాంటి మొక్కల ఆకులు తింటాయి. నేలకు జానెడు ఎత్తులో ఓపిక లేనట్టు ఎగురుతూ, రెక్క మీద ఒక్క నల్ల చుక్కతో ఉండే చిన్నదాని పిల్లలకు కుక్కవామింట చాలు. ఇవి మన క్యాబేజీ జోలికి రావు. ఇక సీతాకోకచిలుక తానే ఆకు కొరుకుతుందనేవాళ్లకు ఒక్క మాట: దానికి పళ్లు లేవు, తేనె పీల్చే తొండమే ఉంది. కొరికేది ఏ జాతికైనా పిల్ల పురుగే.

మరి మన క్యాబేజీని తినేదెవరు? డైమండ్ రెక్కల పురుగు. రెక్కలొచ్చిన తల్లి రెక్కలు ముడుచుకుంటే బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, బూడిద రంగు, వీపు మీద మూడు వజ్రాలు వరుసగా పేర్చినట్టు లేత మచ్చలు. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాదు. దాని పిల్ల పురుగు సెంటీమీటరు లోపే ఉంటుంది. ఆకు అడుగున గీకి తిని పైపొర వదిలేస్తుంది, కిటికీకి గాజు బిగించినట్టు. పుల్లతో ముట్టుకోండి. మెలికలు తిరుగుతూ వెనక్కి దూకి దారం పట్టుకుని వేలాడిందా, అదే. గుంపుగా ఉండి ఆకును జల్లెడ చేస్తుంటే పొగాకు లద్దె పురుగు అయ్యుండొచ్చు, దాని వైద్యం వేరు.

అపోహ: ఆకు అడుగున తెల్ల గూళ్లు పురుగు గుడ్లు, చూడగానే నలిపేయాలి.

ఈ పాపం నేనూ మూటగట్టుకున్నాను. కొట్టు పెట్టిన కొత్తలో ఒక రైతుకు నలపమనే చెప్పాను, పైగా మందూ అమ్మాను. పది రోజుల్లో పురుగు ఇంకా ఎక్కువైంది. నలిపించిందీ, మందుతో చంపించిందీ చీమంత కందిరీగని. అది పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల తిని పెరిగి, బయటికొచ్చి, ఆ పక్కనే గూడు కట్టుకుంటుంది. తేడా కళ్లతో తెలుసుకోవచ్చు. పురుగు గూడు దోమతెరలా పలచన, లోపలున్నది కనబడుతుంది. కందిరీగ గూడు నువ్వుగింజను కాస్త సాగదీసినట్టు, చిక్కటి తెలుపు, లోపల ఏమీ కనబడదు. ఉత్తరాది సీతాకోకచిలుకకూ ఇలాంటి కందిరీగే ఉంది. చచ్చిన పురుగు చుట్టూ పసుపు గూళ్లు కుప్పగా కనబడితే, అక్కడా పురుగు గుడ్లు పెట్టిందనే అనుకుంటారు.

మొన్న వచ్చిన మావయ్య మర్నాడు ఐదు గూళ్ల ఫొటో పంపాడు. పెద్దది చేసి చూస్తే రెండు దోమతెరలు, మూడు పత్తి ఉండల్లాంటి కందిరీగ గూళ్లు. ఓ వారం ఆగమన్నాను.

అపోహ: పురుగు ఒక మందుకు లొంగకపోతే రెండు మందులు కలిపి కొట్టాలి.

నాకు బాగా టెన్షన్ పెట్టే మాట ఇది. ఈ డైమండ్ రెక్కల పురుగు డీడీటీ అనే పాత పురుగుమందుకు లొంగడం లేదని 1953లోనే జావా దీవి నుంచి వార్త వచ్చింది. బాక్టీరియాతో చేసే బీటీ మందును పొలంలో తట్టుకున్న మొదటి పురుగూ ఇదే, ఆ సంగతి 1990లో హవాయి నుంచి బయటపడింది. మన వేడికి రెండు, మూడు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. కొట్టిన ప్రతిసారీ బతికి బయటపడ్డవే పిల్లల్ని కంటాయి, కందిరీగలు మాత్రం మొదటి దెబ్బకే పోతాయి. చిన్న పురుగు దశలో 5 శాతం వేపగింజల కషాయం, లేదంటే సాయంత్రం పూట బీటీ వాడండి, ఎండకు బీటీ పనిచేయదు. క్యాబేజీ ఆకు తామరాకు లాంటిది, మందు జారిపోతుంది. జిగురు కలపకపోతే డబ్బు నేలపాలే.

దీనికే అతుక్కున్న ఇంకో అపోహ ఉంది: రైతుబజార్లో చిల్లులున్న కాయ ఏరుకుంటే అది మందు కొట్టనిదని. ఏమో, చాలాసార్లు అదే ఎక్కువ మందు తాగిన కాయ. పురుగు మందుకు లొంగలేదు, అంతే.

అపోహ: తోటలో ఆవాలు వేస్తే పురుగును పిలిచినట్టే.

పిలిచినట్టే, అందుకే వేయమంటున్నాను. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఇది: 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు. ఒక వరస నారు నాటే 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. తల్లి పురుగు ఆవ మొక్కకే ముందు పోయి గుడ్లు పెడుతుంది. మందేదో ఆ రెండు వరసల మీదే పడాలి. ఎందుకు పోతుందంటే, మనం పనసపొట్టు కూరలో ఆవ నూరి పెడితే ముక్కుకెక్కే ఘాటు ఉంది చూడండి, దాని మూలపదార్థమే ఈ పురుగులకు ఇంటి గుర్తు. 1910లో వెర్షాఫెల్ట్ అనే డచ్ శాస్త్రవేత్త ఆ పదార్థం పూస్తే, తెల్ల సీతాకోకచిలుక పిల్లలు మామూలుగా ముట్టని ఆకుల్ని కూడా తిన్నాయి.

అపోహ: క్యాబేజీలో పురుగు తింటే మెదడుకెక్కుతుంది.

క్యాబేజీ పురుగు మనిషి ఒంట్లో బతకదు, పొయ్యి మీదే చస్తుంది. మెదడుకు చేరేది మనిషి పేగుల్లో బతికే బద్దె పురుగు (టేప్‌వార్మ్) పిల్ల. ఒంట్లో బద్దె పురుగున్న మనిషి మలంతో దాని గుడ్లు నేల మీదికి, నీళ్లలోకి వస్తాయి. అక్కడి నుంచి పచ్చిగా తినే ఏ ఆకుకైనా అంటుకోవచ్చు, క్యాబేజీ ఒక్కదానికే కాదు. శుభ్రమైన పారే నీళ్లలో బాగా కడిగి, ఉడికించి తింటే ఆ భయం లేదు. ఈ మాట మా ఇంట్లోనే చెల్లలేదు. మా అత్తగారు క్యాబేజీ మానేసి మూడేళ్లయింది. కొత్తిమీర మాత్రం నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, పచ్చిగానే పెరుగుపచ్చట్లో వేసేస్తారు.