డేటాబేస్ నుంచి క్యాష్ నింపడం, సరిచూడడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్వర్ 'ఓకే' అన్నదంటే డేటా క్యాష్‌లో (డేటాబేస్‌లోని డేటాను త్వరగా అందించేందుకు మెమరీలో ఉంచే నకలులో) భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: కమాండ్ అమలైందన్న సంగతికి మించి ఆ జవాబులో ఏమీ లేదు. క్యాష్‌గా వాడే రెడిస్ సాఫ్ట్‌వేర్‌లో మెమరీకి పరిమితి పెట్టి, అది నిండినప్పుడు ఆల్‌కీస్ ఎల్‌ఆర్‌యూ పద్ధతిలో (చాలాసేపుగా వాడనివి ముందు పోయేలా) కీలను, అంటే ఒక్కో విలువను గుర్తించే పేర్లను విలువలతో సహా, తొలగించమని చెప్పి ఉంటే, లక్షల రికార్డులు ఎక్కిస్తున్నంతసేపూ 'ఓకే'లు వస్తూనే ఉంటాయి, ముందు ఎక్కినవి చడీచప్పుడూ లేకుండా పోతూనే ఉంటాయి. లోడింగ్‌కు ముందూ తర్వాతా ఇన్ఫో కమాండ్ చూపించే ఎవిక్టెడ్ కీస్ (ఇలా తొలగించిన కీల) సంఖ్యను పోల్చి చూడటం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

మెమ్‌క్యాష్డ్ అనే మరో క్యాష్ సాఫ్ట్‌వేర్‌లో చిక్కు మరో రకం. గడువుగా ఇచ్చిన సంఖ్య 30 రోజులను, అంటే 25,92,000 సెకన్లను దాటితే, దాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సమయంగా తీసుకుంటుంది. 60 రోజులు ఉండాలని 51,84,000 ఇస్తే ఆ గడువు 1970 మార్చి 2నే తీరిపోయిందన్నమాట. జవాబు 'స్టోర్డ్' అనే వస్తుంది, మరుక్షణం చదివితే ఆ కీ ఉండదు.

అపోహ: రెడిస్‌లో హెచ్‌సెట్ కమాండ్‌కు జవాబుగా సున్నా వస్తే రాయడం విఫలమైనట్టు.

వాస్తవం: ఒక కీ కింద ఫీల్డులను రాసే హెచ్‌సెట్ తిరిగిచ్చేది కొత్తగా చేరిన ఫీల్డుల సంఖ్య. ఉన్న ఫీల్డు విలువ మారినా సున్నాయే వస్తుంది.

అపోహ: టేబుల్‌లోని రికార్డుల సంఖ్య, రెడిస్‌లోని కీలను లెక్కపెట్టే డీబీసైజ్ కమాండ్ చూపే సంఖ్య సరిపోతే చాలు.

వాస్తవం: గడువు తీరినా ఇంకా తొలగించని కీలను కూడా డీబీసైజ్ లెక్కలో కలుపుతుంది. అంతకంటే ముఖ్యంగా, సంఖ్య సరిపోయినా విలువలు తప్పు కావచ్చు. లోడర్ (డేటాబేస్ నుంచి చదివి క్యాష్ నింపే ప్రోగ్రామ్) ఒక వస్తువు నిల్వ 10 అని డేటాబేస్‌లో చదివిందనుకుందాం. అది క్యాష్‌లో రాసేలోపు అప్లికేషన్ డేటాబేస్‌లో నిల్వను 9గా మార్చి, క్యాష్‌లోని కీని తొలగించింది. ఆ తర్వాత లోడర్ తన దగ్గరున్న 10ని రాసేసింది. గడువు తీరేదాకా లేదా ఆ రికార్డు మళ్లీ మారేదాకా అందరికీ కనిపించేది ఆ పాత విలువే.

ప్రతి రికార్డుకూ వెర్షన్ సంఖ్య ఉంచి, క్యాష్‌లో అంతకంటే కొత్తది ఉంటే రాయకుండా ఆపే చిన్న లువా స్క్రిప్టు (రెడిస్ సర్వర్‌లోనే నడిచే ప్రోగ్రామ్) దీనికి మంచి మందు. అయితే అప్లికేషన్ కూడా కీని తొలగించకుండా, 9ని కొత్త వెర్షన్‌తో అదే స్క్రిప్టు ద్వారా రాయాలి. కీ లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

సరిచూసేటప్పుడు కొన్ని కీలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటి విలువలను ప్రైమరీ డేటాబేస్‌తోనే పోల్చాలి, ఎందుకంటే వెనకబడిన రెప్లికాతో (ప్రైమరీకి నకలు డేటాబేస్‌తో) పోల్చితే సరైన విలువే తప్పుగా కనిపిస్తుంది. తేడా దొరికితే రెండుచోట్లా మరోసారి చదవాలి. రెండు చదువుల మధ్య రికార్డు నిజంగానే మారి ఉండవచ్చు.

అపోహ: పైప్‌లైన్‌లో (జవాబుల కోసం ఆగకుండా అనేక కమాండ్లను వరసగా పంపే పద్ధతిలో) ఒక కమాండ్ తప్పితే మిగతావి ఆగిపోతాయి.

వాస్తవం: ఆగవు. కమాండ్లను ఒక గుంపుగా అమలు చేయించే మల్టీ, ఎగ్జెక్‌ల మధ్య పెట్టినా, అమలు సమయంలో తప్పిన ఒక్కటీ పోగా మిగిలినవి అమలవుతాయి, రోల్‌బ్యాక్ (జరిగినదాన్ని వెనక్కి తీసుకోవడం) ఉండదు. అందువల్ల వచ్చిన జవాబుల జాబితాను ఒక్కొక్కటిగా చూసి, తప్పినవాటి కీలను విడిగా నమోదు చేసి, వాటిని మాత్రమే మళ్లీ ఎక్కించాలి. అలా ఎక్కించే ముందు విలువను డేటాబేస్ నుంచి తిరిగి చదవాలి.