337 టన్నులు పోయాయి, మట్టి మిగిలింది

యూనియన్ కార్బైడ్ 337 టన్నుల విషవ్యర్థాల దహనం 2025 జూన్ 30కల్లా పూర్తయిందని మధ్యప్రదేశ్ అధికారులు ప్రకటించడంతో, భోపాల్‌లోని పాత ఫ్యాక్టరీ స్థలాన్ని ఇక ఏం చేయాలన్న వాదన మళ్లీ రాజుకుంది. అక్కడ స్మారకం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి ఉన్నదే. 1984 డిసెంబరు నాటి విషవాయువు ఘోరం పాఠకులకు తెలిసిందే కనుక దాని జోలికి పోవడం లేదు. నేటి తగవును అర్థం చేసుకోవాలంటే 2005కు వెళ్లాలి.

అంతకు ముందటి ఏడాది దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో హైకోర్టు కదిలించిన మీదట, ఆవరణలోని షెడ్లలోనూ ఆరుబయటా పడి ఉన్న వ్యర్థాలను 2005లో పోగుచేయించి, మూటలు కట్టించి, గోదాములో పెట్టి తాళం వేశారు. కంటికి కనిపించినదే లెక్కకెక్కింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు కోర్టుల్లోనూ ప్రభుత్వ ఫైళ్లలోనూ భోపాల్ వ్యర్థాలంటే ఆ మూటలే. వాటిని అంక్లేశ్వర్‌లో కాలుద్దామంటే గుజరాత్ ఒప్పుకోలేదు. తీసుకువెళతామన్న జర్మనీ సంస్థ 2012లో వెనక్కి తగ్గింది. చివరకు 2025 జనవరి మొదట్లో 12 కంటెయినర్లలో, ఇందోర్ దగ్గరి పీథంపూర్ జనం వద్దంటున్నా, హైదరాబాద్‌కు చెందిన రీ సస్టెయినబిలిటీ (ఒకప్పటి రామ్‌కీ ఎన్విరో) ఆధ్వర్యంలోని అక్కడి ప్లాంటుకు చేర్చారు. ఆ 337 టన్నుల్లో 92 టన్నులు సెవిన్ అనే పురుగుమందు, దాని తయారీకి వాడే నాఫ్తాల్ అవశేషాలు, 54 టన్నులు సగం తయారైన పురుగుమందులు, 29 టన్నులు రసాయన రియాక్టర్ అవశేషాలు కాగా, మిగతా 162 టన్నులు ఆవరణలో ఎత్తిన మట్టే.

మరి ఎత్తని విషపు మట్టి ఎంత? నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో ఇచ్చిన నివేదిక అది 11 లక్షల టన్నులని అంచనా వేసింది.

చుట్టుపక్కల బస్తీలవారు, బాధితుల సంఘాలు మొదటినుంచీ చెబుతున్నది ఇదే: అసలు విషం మట్టిలోకి, నీళ్లలోకి ఇంకిందని. ఫ్యాక్టరీ మురుగును ఆవిరి చేయడానికి 1977లో తవ్విన కుంటలు కారుతున్నాయని 1982లోనే కంపెనీ అంతర్గత సందేశాలు ఒప్పుకున్నాయి. 1989లో కంపెనీ ఆవరణలోని గుంతల నుంచి నమూనాలు తీయించి పరీక్షిస్తే వాటిలో వదిలిన చేపలన్నీ చచ్చిపోయాయి. ఆ ఫలితం అప్పట్లో బయటకు పొక్కలేదు. దశాబ్దం తర్వాత అమెరికా కోర్టులో వేసిన దావాతోనే వెలుగుచూసింది. ఈలోగా బస్తీలవారు అక్కడి బోరింగుల నీళ్లే తాగుతూ వచ్చారు. 2018 నాటికి కలుషిత భూగర్భజలం ఉన్న కాలనీలు 42కు పెరిగినట్లు లక్నోలోని విషపదార్థాల పరిశోధన సంస్థ ఐఐటీఆర్ గుర్తించింది.

భారతీయ అనుబంధ సంస్థే ప్లాంటును నడిపిందని, 1998లో లీజు భూమి రాష్ట్రానికి తిరిగి వెళ్లింది కనుక శుభ్రపరిచే పూచీ తమది కాదని యూనియన్ కార్బైడ్, 2001లో దాన్ని కొన్న అమెరికా రసాయన కంపెనీ డౌ అంటున్నాయి. అమెరికా కోర్టులు ఆ వాదనకే మొగ్గాయి. శుభ్రం చేయకుండానే భూమిని వాపసు ఎలా తీసుకున్నారన్న ప్రశ్నకు మాత్రం రాష్ట్రం సరైన జవాబు చెప్పలేదు.

వ్యర్థాల తొలగింపునకు కేంద్రం ఇచ్చిన 126 కోట్ల రూపాయలు గోదాములోని మూటల కోసం ఇచ్చినవి. కాల్చగా మిగిలిన బూడిదను పీథంపూర్‌లో పూడ్చడంపైనే జనం కోర్టుకెక్కారు. స్మారకానికి పునాదులు తవ్వితే పైకి వచ్చే మట్టిని ఏ ఊరు తీసుకుంటుందో, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చకుండా స్థలం ఖాళీ అయిందనడం తొందరపాటే.