పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీ: దరఖాస్తు పెట్టేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

విశాఖలో పబ్లిక్ హెల్త్ పీహెచ్‌డీ మాట ఎత్తితే ముందు వచ్చే ప్రశ్న ‘ఎన్ని మార్కులు కావాలి?’ అని. తర్వాతది ‘ఎంబీబీఎస్ లేకపోతే ఇస్తారా?’ అని. ‘దేని మీద చేయాలి?’ అన్న ప్రశ్న మాత్రం నోటిఫికేషన్ గడువు వారం ఉందనగా వస్తుంది. చేజారే సీట్లలో చాలావరకు చేజారేది అక్కడే.

అపోహ: ఇది డాక్టర్లకే పరిమితం.

వాస్తవం: కాదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారైతే 75 శాతంతో నేరుగా దరఖాస్తు చేయొచ్చు. ఏ పీజీలను తీసుకుంటారన్నది ఆయా సంస్థల నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), కమ్యూనిటీ మెడిసిన్ ఎండీలతో పాటు నర్సింగ్, స్టాటిస్టిక్స్, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లూ ఈ రంగంలో పరిశోధన చేస్తున్నారు.

దీని వెనకే ఇంకో అపోహ ఉంది: బోర్డు మీద ‘పబ్లిక్ హెల్త్’ అని రాసి ఉన్న విభాగంలోనే చేరాలని. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్, ఢిల్లీ జేఎన్‌యూలోని సోషల్ మెడిసిన్ కేంద్రం పేరున్నవే. అయితే ఆరోగ్యం మీద థీసిస్ ఆంత్రోపాలజీలోనో, స్టాటిస్టిక్స్‌లోనో కూడా చేయొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగాలున్నాయి, పాపులేషన్ రీసెర్చ్ సెంటర్ కూడా ఉంది. ఒక్కటి చూసుకోవాలి. పట్టా మీద ఏ సబ్జెక్టు పేరు పడుతుందో రేపు అధ్యాపక ఉద్యోగానికి అదే అడుగుతారు. చేరాక బాధపడేకన్నా, మీరు ఆశించే ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు రెండు మూడు ఇప్పుడే తిరగేయండి.

అపోహ: నెట్ (జాతీయ అర్హత పరీక్ష) వస్తే సీటు వచ్చినట్టే.

వాస్తవం: నెట్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. ఈ రంగానికి దగ్గరి నెట్ సబ్జెక్టు ‘సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్’, కోడ్ 81. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్‌ఎఫ్ (నెలనెలా ఇచ్చే పరిశోధన ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ, పీహెచ్‌డీకి మాత్రమే. జేఆర్‌ఎఫ్ వచ్చినవారిని ఇంటర్వ్యూతోనే తీసుకుంటారు. మిగతా రెండు రకాల వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ‘పీహెచ్‌డీకి మాత్రమే’ అని వచ్చిన స్కోరు ఏడాదే చెల్లుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. యూజీసీ నిబంధన ప్రకారం ప్రవేశ పరీక్షలో సగం రీసెర్చ్ మెథడాలజీ (పరిశోధన చేసే పద్ధతులు), సగం సబ్జెక్టు. ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తాయో చెప్పే శాస్త్రం) కంఠతా వచ్చినవాళ్లు కూడా మెథడాలజీని తేలిగ్గా తీసుకుని దెబ్బతింటుంటారు. జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం అదనం.

అపోహ: టాపిక్ ఎంత పెద్దదైతే అంత గొప్ప.

వాస్తవం: ‘ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఆరోగ్య స్థితిగతులు’ అన్న సినాప్సిస్‌కు (పరిశోధన ప్రతిపాదనకు) ఇంటర్వ్యూలో రెండే ప్రశ్నలు పడతాయి: ఎవరిని, ఏమని అడుగుతారు? అది పుస్తకానికి పేరుగా బాగుంటుంది, పరిశోధనకు ప్రశ్న కాదు. దాన్ని చెక్కుకుంటూ రావాలి. ఉదాహరణకు: ‘విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే బోటు సిబ్బందిలో, బీపీ ఉన్నట్టు ఇప్పటికే తెలిసినవాళ్లు మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్నారా?’ ఇందులో ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్నీ ఉన్నాయి. మాత్రలు అయిపోయేసరికి మనిషి సముద్రం మీద ఉంటాడు కాబట్టి, అడగడానికి కారణమూ ఉంది.

ఇక ఎంతమందిని అడగాలన్న లెక్క. క్రమం తప్పకుండా వాడేవాళ్లు 40 శాతం ఉంటారని అనుకుందాం, అటూ ఇటూ 5 శాతం తేడాకు ఒప్పుకుందాం. మామూలు సూత్రంలో 4 × 40 × 60 ÷ 25 = 384 మంది (60 అంటే వాడనివాళ్ల శాతం, 25 అంటే 5 × 5). ఒకే బోటువాళ్ల అలవాట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ (ఆ పోలికకు సరిదిద్దే గుణకం) 1.5 వేస్తే 576. పదిమందిలో ఒకరు మాట్లాడనంటారనుకుంటే 576ను 0.9తో భాగించాలి: 640. చాలా సినాప్సిస్‌లు 384 దగ్గరే ఆగిపోతాయి. 640 దాకా వచ్చినవి కూడా అసలు సంగతి మరిచిపోతాయి. ఆ 640 మందీ బీపీ ఉందని తెలిసినవాళ్లే కావాలి కదా! అలాంటివాళ్లు నలుగురిలో ఒకరే దొరుకుతారనుకుంటే ముందు 2,560 మందిని పలకరించాలి.

రోజుకు 8 ఇంటర్వ్యూల చొప్పున 640కి 80 రోజులు పడుతుంది. అందరూ ఒడ్డునే దొరుకుతారని తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 - జూన్ 14 మధ్య సర్వే పెట్టుకుంటే ఉన్నది 61 రోజులే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. నిషేధ కాలంలో మనిషి ఇంట్లోనే ఉంటాడు, మాత్రలు అందుబాటులో ఉంటాయి, వేసుకుంటాడు. మీకు వచ్చే జవాబు ఆ రెండు నెలలది, మీరు అడగాలనుకున్నది వేటకు వెళ్లే మిగతా పది నెలల సంగతి. ఈ పక్షపాతాన్ని మీ అంతట మీరే సినాప్సిస్‌లో రాసి, వేట రోజుల్లో రెండో విడత సర్వే పెట్టుకుంటే ఇంటర్వ్యూ సగం గట్టెక్కినట్టే.

ఏ అంశానికైనా కళ్లు మూసుకుని ‘5 శాతం తేడా’ వేయడం ఇంకో పొరపాటు. మీరు కొలిచేది 4 శాతం మందిలోనే ఉండే సమస్య అయితే ఫలితం మైనస్ 1 నుంచి 9 దాకా అని చెప్పినట్టవుతుంది. మైనస్ ఒక శాతం రోగులు ఎక్కడుంటారో బోర్డు సభ్యులు తప్పకుండా అడుగుతారు.

అపోహ: జిల్లా గణాంకాలు పెడితే నేపథ్యం రాసేసినట్టే.

వాస్తవం: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత జరిగింది 2019-21లో. అందులోని విశాఖపట్నం జిల్లా ఇప్పటి విశాఖపట్నం కాదు. 2022 ఏప్రిల్ విభజనకు ముందున్న 13 జిల్లాల లెక్క అది. బీచ్ రోడ్డు, అనకాపల్లి, పాడేరు, అరకు అన్నీ కలిసిన ఒకే సగటు. నగరం అంకె ఏజెన్సీని కప్పేస్తుంది, ఏజెన్సీ అంకె నగరాన్ని కిందికి లాగుతుంది. ఆ సగటును అల్లూరి సీతారామరాజు జిల్లాకో, నేటి విశాఖకో అంటగడితే మొదటి పేజీలోనే దొరికిపోతారు.

ఏజెన్సీలో పని పెట్టుకునేవాళ్లు సినాప్సిస్‌లోనే రాయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో తెలుగు ప్రశ్నావళి చదివి వినిపిస్తే ‘ఊఁ’ అన్న జవాబే వస్తుంది. ఒకరు ఆ భాషలోకి మార్చాలి, మూలం చూడని మరొకరు తిరిగి తెలుగులోకి తేవాలి, రెండూ పోల్చి చూడాలి. సంత రోజు ఊళ్లో పెద్దవాళ్లు దొరకరు. జ్వరాల మీద పని అయితే వానాకాలం తప్పదు, కొండదారులు మూసుకుపోయేదీ అప్పుడే. టైమ్‌లైన్‌లో ఆ నెలలకు రెట్టింపు రోజులు వేసుకోండి.

అపోహ: డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) అనుమతి ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: రెండూ వేర్వేరు. డీఎంహెచ్‌వో ఇచ్చేది వారి కేంద్రాల్లో అడుగుపెట్టడానికి, రిజిస్టర్లు చూడడానికి అనుమతి. పాల్గొనేవారి హక్కులు, సమ్మతి, గోప్యత చూసేది సంస్థాగత ఎథిక్స్ కమిటీ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం. దరఖాస్తు నాటికి ఎథిక్స్ లేఖ చేతిలో ఉండనక్కర్లేదు. కానీ మొదటి ఇంటర్వ్యూకు ముందే అది వచ్చి తీరాలి. డేటా తెచ్చాక వెనకటి తేదీతో ఇచ్చే పద్ధతి లేదు.

అపోహ: గైడ్‌ను విశ్వవిద్యాలయమే చూసుకుంటుంది.

వాస్తవం: కేటాయించేది వాళ్లే, వెతుక్కోవాల్సింది మీరు. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లే ఉండొచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు ఉన్నవాళ్లు కొత్తవారిని తీసుకోకూడదు. అందుకే పెద్ద పేరున్న గైడ్ దగ్గర ఖాళీ లేకపోవడం మామూలే. మెయిల్ రాసేటప్పుడు ‘మీ దగ్గర పరిశోధన చేయాలని నా చిరకాల కోరిక’ లాంటి మాటలు వద్దు. వారి పేపర్ ఒకటి చదివి, అందులో మిగిలిపోయిన ప్రశ్న ఏమిటో, మీరు దాన్ని ఎలా అందుకుంటారో ఎనిమిది పది వాక్యాల్లో రాసి, ఒక పేజీ నోట్ జత చేయండి. రెండు వారాలు జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అంతకుమించి వద్దు.

అపోహ: ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు.

వాస్తవం: పార్ట్ టైమ్ ఉంది, ఆన్‌లైన్ లేదు. దూరవిద్యలోనూ, ఆన్‌లైన్‌లోనూ పీహెచ్‌డీ ఇవ్వకూడదని యూజీసీ నిబంధనే ఉంది. పార్ట్ టైమ్‌కు మీ ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీలో (నిరభ్యంతర పత్రంలో) మూడు మాటలు ఉండాలి: పార్ట్ టైమ్‌గా చదవడానికి అనుమతిస్తున్నామని, విధుల మధ్య పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు (పీహెచ్‌డీలో చదవాల్సిన తరగతులకు) రిలీవ్ చేస్తామని. ‘మాకు అభ్యంతరం లేదు’ అన్న ఒక్క లైను లేఖ సరిపోదు. సర్కారు ఆఫీసుల్లో ఆ మూడో మాట రాయించడానికే ఎక్కువ తిరగాలి, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. మొత్తం కాలం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లకు మించకూడదు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఆపైన మరో రెండేళ్లు.

అపోహ: పేపర్ అచ్చయితేనే దరఖాస్తు నిలుస్తుంది.

వాస్తవం: దరఖాస్తుకు కాదు కదా, థీసిస్ ఇవ్వడానికి కూడా 2022 యూజీసీ నిబంధనల్లో పేపర్ తప్పనిసరి కాదు. అయితే సొంతంగా ఆ షరతు పెట్టుకున్న విశ్వవిద్యాలయాలున్నాయి, చేరే చోటి ఆర్డినెన్స్ (పీహెచ్‌డీ నియమావళి) చదువుకోండి. డబ్బు కట్టించుకుని పది రోజుల్లో అచ్చేసే పత్రికలో పేపర్ ఉంటే మేలు జరగదు సరికదా, ఇంటర్వ్యూ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.