ఎదురుగా ఉన్నా కంటపడని విమానం

1986 ఆగస్టు 31, ఆదివారం. లాస్ ఏంజెలిస్ మీద ఆకాశం నిర్మలంగా ఉంది. మెక్సికో నుంచి వచ్చిన ఏరోమెక్సికో డీసీ-9 విమానం దిగేందుకు ఎత్తు తగ్గించుకుంటోంది. టోరెన్స్ అనే చిన్న విమానాశ్రయం నుంచి ముగ్గురితో బయలుదేరిన పైపర్ విమానం బిగ్ బేర్ కొండల వైపు వెళ్తోంది. మధ్యాహ్నం 12 గంటలకు ఎనిమిది నిమిషాల ముందు, సెరిటోస్ పట్టణం మీద సుమారు 6,500 అడుగుల ఎత్తులో రెండూ ఢీకొన్నాయి. తోక రెక్క విరిగిన డీసీ-9 ఇళ్ల మీద కూలింది. పెద్ద విమానంలో 64 మంది, చిన్న విమానంలో ముగ్గురు, నేల మీద 15 మంది చనిపోయారు.

పైపర్ పైలట్ అనుమతి లేకుండా నియంత్రిత గగనతలంలోకి వచ్చారు. ఆయన గుండె రక్తనాళాలు బాగా పూడుకుపోయి ఉన్నాయని శవపరీక్షలో తేలడంతో గుండెపోటే కారణమని మొదట అనుకున్నారు. దర్యాప్తు ఆ వాదనను తోసిపుచ్చింది. తప్పించుకునే ప్రయత్నం ఇటు ఆయనా చేయలేదు, అటు డీసీ-9 సిబ్బందీ చేయలేదు. పట్టపగలు, తేటగా ఉన్న ఆకాశంలో అనుభవమున్న పైలట్లకు ఎదుటి విమానం ఎందుకు కనిపించలేదు?

ఇది అజాగ్రత్త అనేయడం తేలిక, కానీ అన్యాయం. మన కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టుకుంటుంది. రెండు విమానాలు నేరుగా, మారని వేగంతో ఢీకొనే దారిలో సాగుతున్నప్పుడు, ఎదుటి విమానం అద్దం మీద ఒకేచోట అతుక్కుపోయినట్లు ఉంటుంది. పక్కకు జరుగుతూ కనిపించేది సాధారణంగా తప్పుకుపోతుంది. ప్రాణం తీసేది మాత్రం కదలకుండా, మెల్లగా పెద్దదవుతూ ఉంటుంది.

ఎంత మెల్లగానో లెక్క వేసి చూద్దాం. పది మీటర్ల రెక్కలున్న చిన్న విమానం, మనకూ దానికీ మధ్య దూరం సెకనుకు 150 మీటర్ల చొప్పున తగ్గుతోందనుకుందాం. ఢీకొనడానికి 12 సెకన్ల ముందు అది 1,800 మీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడు దాని వెడల్పు పున్నమి చంద్రుడి వెడల్పులో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అదీ సన్నని రెక్కల గీత మాత్రమే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన లెక్క ప్రకారం చూడడం, ప్రమాదమని గ్రహించడం, నిర్ణయించుకోవడం, విమానాన్ని తిప్పడం, అన్నీ కలిపి 12.5 సెకన్లు పడతాయి. చుక్కలా ఉన్నప్పుడే గుర్తుపట్టి తీరాలన్నమాట. ఆఖరి రెండు మూడు సెకన్లలో అది ఒక్కసారిగా ఉబ్బి కిటికీని నింపుతుంది. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు.

చూశానని పైలట్ చెప్పినా గండం గడిచినట్లు కాదు. 1978 సెప్టెంబరు 25న శాన్ డియేగోలో దిగబోతున్న పీఎస్ఏ సంస్థ బోయింగ్ 727 సిబ్బందిని ముందున్న సెస్నా అనే చిన్న విమానం గురించి కంట్రోలర్లు హెచ్చరించారు. కనిపించిందని సిబ్బంది బదులిచ్చారు. తర్వాత అది చూపు నుంచి జారిపోయింది. దాటిపోయి ఉంటుందని అనుకున్నారు. ఢీకొనడానికి 19 సెకన్ల ముందు రాడార్ కేంద్రంలో హెచ్చరిక మోగింది. సిబ్బంది సెస్నాను చూస్తున్నారన్న నమ్మకంతో అక్కడా ఎవరూ కదలలేదు. 144 మంది చనిపోయారు.

సెరిటోస్‌లో ఆ పైపర్ దగ్గర తన ఎత్తును రాడార్‌కు తెలిపే పరికరం లేదు. కంట్రోలర్ అది తెర మీద తనకు కనిపించలేదన్నారు. అదే సమయంలో అనుమతి లేకుండా వచ్చిన మరో చిన్న విమానంతో ఆయన మాట్లాడుతున్నారు. ఈ దుర్ఘటన తర్వాత అమెరికాలో పెద్ద విమానాశ్రయాలకు 30 నాటికల్ మైళ్ల లోపు ఎగిరే విమానాల్లో రాడార్ సంకేతానికి రేడియోలో జవాబిచ్చి ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్‌ను తప్పనిసరి చేశారు. ప్రయాణికుల విమానాల్లో టీకాస్ అనే పరికరం వచ్చింది.

టీకాస్ చుట్టుపక్కల విమానాలను సుమారు సెకనుకోసారి రేడియో సంకేతంతో పలకరిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని, ఆ జవాబులోని సమాచారాన్ని బట్టి ఎత్తును తెలుసుకుంటుంది. ఎంత దూరం ఉందన్నది కాక ఎన్ని సెకన్లు మిగిలాయన్నదే దానికి ప్రధానం. గడువు దగ్గరపడితే పైకి వెళ్లమనో, కిందికి దిగమనో పైలట్‌ను ఆదేశిస్తుంది. ఎడమకో కుడికో తిరగమని చెప్పదు, ఎందుకంటే దిక్కును అంత కచ్చితంగా కొలవలేదు. జవాబులో ఎత్తు లేకపోతే హెచ్చరికతో ఆగిపోతుంది. జవాబే రాకపోతే, దాని లెక్కలో ఎదుట ఏమీ లేనట్లే.

ఈ చివరి మాటే నన్ను కలవరపెడుతుంది. 2006 ఆగస్టు 28న నెవాడాలోని మిండెన్ సమీపంలో సుమారు 16,000 అడుగుల ఎత్తున ఒక హాకర్ జెట్, ఇంజన్ లేకుండా ఎగిరే గ్లైడర్‌ను ఢీకొంది. గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ బ్యాటరీని పొదుపు చేయడానికి ఆపి ఉంచారు. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దిగారు, దెబ్బతిన్న జెట్ చక్రాలు దించకుండానే నేలకు చేరింది. అందరూ బతికారు. ట్రాన్స్‌పాండర్ నిబంధన నుంచి గ్లైడర్లకు ఉన్న మినహాయింపును తీసేయాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2008లో సిఫారసు చేసింది. అయినా, విమానం తానెక్కడుందో తానే ప్రసారం చేయాలంటూ 2020లో అమలులోకి వచ్చిన ఏడీఎస్-బీ నిబంధనలోనూ గ్లైడర్లకు, బెలూన్లకు మినహాయింపు మిగిలింది. యూరప్ గ్లైడర్లు ఫ్లార్మ్ అనే చిన్న పరికరంతో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి గానీ, దాని సంకేతాన్ని టీకాస్ అర్థం చేసుకోలేదు.

సరదాగా ఎగిరేవారి మీద ఖర్చు, బరువు మోపకూడదన్న వాదన నాకు అర్థమవుతుంది. అయితే ప్రయాణికుల విమానాలు దిగే దారుల్లో మాత్రం ఆ మినహాయింపు ఉండకూడదు. అక్కడ ఎగిరే గ్లైడర్‌కు ట్రాన్స్‌పాండర్‌ను, అది రోజంతా పనిచేయగల బ్యాటరీని తప్పనిసరి చేయాలి. ఆ ఖర్చును గ్లైడర్ యజమాని ఒక్కరి మీదే వేయకుండా, విమానయాన వ్యవస్థ కూడా పంచుకోవాలి.