వంద ఎంబీ ప్లాన్‌లో పన్నెండే ఎందుకు?

చెన్నై విల్లివాక్కంలో మా పైవాటాలో ఉండే బాబాయి వాళ్లింటికి పోయిన నెల ఫైబర్ కనెక్షన్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే కిందికి దిగివచ్చాడు. "వంద ఎంబీ ప్లాన్ అన్నారు కదరా, సినిమా డౌన్‌లోడ్ పెడితే పన్నెండు దాటట్లేదు. డబ్బులు మొత్తం కట్టించుకుని ఎనిమిదో వంతు ఇస్తారా?"

"ఎనిమిదో వంతు అని నువ్వే అన్నావు బాబాయ్, జవాబు అందులోనే ఉంది" అన్నాను.

ప్లాన్‌లో వేగాన్ని బిట్లలో చెబుతారు. కంప్యూటర్ ఫైళ్లను బైట్లలో కొలుస్తుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. సెకనుకు 100 మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. డేటాను చిన్న చిన్న పొట్లాలుగా పంపుతారు, వాటి మీద రాసే చిరునామాలకు అందులో కొంత పోతుంది. మిగిలింది పన్నెండు. ఇంగ్లీషులో బిట్‌కు చిన్న బి, బైట్‌కు పెద్ద బి రాస్తారు. నోటితో చెప్పేటప్పుడు రెండూ 'ఎంబీ'యే కాబట్టి ఈ టెన్షన్ ఇంటింటా ఉంటుంది.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. మొదట అందుకున్న ఊళ్లలో మద్రాసు ఒకటి. అది చెన్నై అయింది ఆ మరుసటి ఏడాదే. తర్వాతి రోజుల్లో ఇంట్లో మోడెం, అంటే ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పెట్టె, ఉన్నవాళ్లకు దాని కూత ఇప్పటికీ చెవిలో ఉంటుంది. ముందు డయల్ టోన్, తర్వాత కీచుమనే అరుపు, ఆపైన బుస. అవతలి మోడెంతో ఎంత వేగంగా మాట్లాడుకోవచ్చో తేల్చుకునే బేరం అది. మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తారో, కనెక్షన్ కట్.

ఇలా ఫోన్ డయల్ చేసి కలిసే డయలప్ మోడెం ఎంత గింజుకున్నా సెకనుకు 56 కిలోబిట్లు దాటలేదు. ఈ అంకె ఎక్కడిదంటే, ఫోన్ వ్యవస్థను మనిషి గొంతు కోసం కట్టారు. ఎక్స్ఛేంజిలో ఆ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాస్తారు. అందులో ఒక బిట్‌ను మోడెం నమ్ముకోలేదు. మిగిలినవి ఏడు. ఏడెనిమిదులు యాభై ఆరు! ఎక్కాల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టున్న ఈ లెక్క నాకు భలే ఇష్టం.

56 కిలోబిట్లంటే సెకనుకు 7 కిలోబైట్లు. 5 ఎంబీ పాటకు 12 నిమిషాలు, 1 జీబీ సినిమాకు దాదాపు 40 గంటలు. బాబాయి ఫైబర్‌లో ఆ పాటకు అర సెకను కూడా పట్టదు, సినిమాకు 80 సెకన్లు చాలు. తేడా సుమారు 1,800 రెట్లు.

ఫైబర్ అంటే వెలుగును మోసే గాజుపోగు. అయితే ఆ గాజులో వెలుగు 1,800 రెట్లు వేగంగా పరిగెత్తట్లేదు. అది సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రాగి తీగలో సంకేతం కూడా ఇంచుమించు అంతే. చెన్నై నుంచి విజయవాడకు ఏ దారిలో పోయినా రెండు మూడు మిల్లీసెకన్ల ప్రయాణం. పినాకిని ఎక్స్‌ప్రెస్ లాంటివే రెండు రైళ్లు ఒకే సమయానికి విజయవాడ చేరాయనుకోండి. ఒకదానికి ఉన్నది ఒక్క బోగీ, రెండోదానికి 1,800 బోగీలు. మనం వేగం అంటున్నది ఆ బోగీల లెక్కనే.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఫైబర్ కొన మీది పూత గీకి, స్పిరిట్‌తో తుడిచి, అతికే మెషీన్‌లో పెట్టాడు. తెర మీద రెండు కొనలూ చెరోవైపు నుంచి జరిగి ఎదురెదురుగా నిలిచాయి. చిన్న మెరుపు, అంతే, ఒకటైపోయాయి. ఆ గాజుపోగు మధ్యలో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు, వెంట్రుక మందంలో చిన్న భాగం. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో అలాంటి ఒక్క పోగు సెకనుకు సుమారు 250 కోట్ల బిట్లు మోస్తుంది. వాటిని 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి.

నిజంగా ఆలస్యమే తగ్గిన చోటు చూడాలంటే చెన్నై తీరం నుంచి తూర్పుకు వెళ్లాలి. అండమాన్ ఒకప్పుడు శాటిలైట్ మీద ఆధారపడేది. మాట 36,000 కిలోమీటర్లు పైకి పోయి దిగేసరికి పావు సెకను. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ఆ దీవులకు సముద్రం కింద సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్‌బ్లెయిర్) వరకు ఆ గాజులో వెలుగుకు పట్టేది సెకనులో నూరో వంతు లోపే.