హీరో మారాడు, పాత షాట్లు మాత్రం ఉన్నాయి: ‘డెత్‌స్టాకర్ 2’ వెనక కథ

1987 నాటి కత్తులు, మాంత్రికుల సినిమా ‘డెత్‌స్టాకర్ 2’ని సీక్వెల్ అనడానికి కాస్త మొహమాటపడాలి. మొదటి భాగం హీరో రిక్ హిల్ ఇందులో లేడు, ఆ స్థానంలో జాన్ టెర్లెస్కీ వచ్చాడు. పాత కథ ఊసే ఎత్తరు. పాత సినిమా షాట్లు కొన్నింటిని మాత్రం కత్తిరించి తెచ్చి అతికించారు.

ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే 1982కి వెళ్లాలి. ఆ ఏడాది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ‘కోనన్’ బాగా ఆడింది. కండలు, కత్తులు, మాంత్రికులు ఉంటే చాలు, సరుకు అమ్ముడుపోతుందని నిర్మాతలకి అర్థమైంది. పైసా పైసా లెక్కచూసే అమెరికన్ చౌక సినిమాల నిర్మాత రోజర్ కోర్మన్ ఊరుకుంటాడా? అయితే గుర్రాలు, సెట్లు, జూనియర్ ఆర్టిస్టులతో అమెరికాలో తీస్తే ఆయనకి గిట్టుబాటు కాదు. అర్జెంటీనాలో అప్పుడు ధరలు మండిపోతున్నాయి, అక్కడి కరెన్సీ పెసో విలువ పడిపోతోంది. డాలర్లు పట్టుకెళ్లినవాడికి అన్నీ చవకే. బ్యూనస్ ఐరిస్‌లోని ఆరియెస్ అనే సినిమా సంస్థతో ఒప్పందం కుదిరింది. 1983లో ‘డెత్‌స్టాకర్’, 1985లో ‘బార్బేరియన్ క్వీన్’, మరికొన్ని ఆ ఖాతాలోవే.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆరియెస్ అధినేత ఎక్తోర్ ఒలివేరా సంగతి. ఆయన చిల్లర దర్శకుడేం కాదు. 1984లో బెర్లిన్ చిత్రోత్సవంలో బహుమతి అందుకున్నాడు. సైనిక పాలనలో మాయమైన హైస్కూల్ విద్యార్థుల మీద 1986లో సినిమా తీశాడు. కోర్మన్ డాలర్లు అలాంటి సొంత సినిమాలకి ఆసరా అయ్యాయి. ఒకే సంస్థలో ఒకవైపు దేశం గాయాలు, ఇంకోవైపు తోలు లంగోటీల వీరులు!

సీక్వెల్ నాటికి ‘కోనన్’ వేడి చల్లారింది. వీడియో షాపుల్లో క్యాసెట్ అట్ట మీది బొమ్మ చూసి అద్దెకి తీసుకునేవాళ్లే దిక్కు. దర్శకుడు జిమ్ వైనోర్‌స్కీ ఆ సంగతి గ్రహించి, సీరియస్ కథ జోలికి పోకుండా వెటకారం పట్టుకున్నాడు. మాంత్రికుడు రాకుమారికి నకలు సృష్టిస్తాడు, రెండు పాత్రలూ మోనిక్ గాబ్రియెలే వేసింది. ఒకచోటైతే మన వీరుణ్ణి రింగులోకి దింపి భారీకాయపు మహిళా రెజ్లర్‌తో కుస్తీ పట్టించారు. మొదటి భాగం కంటే ఇదే నయం, కనీసం తనని చూసి తనే నవ్వుకుంటుంది.

మూడో భాగానికి మకాం మెక్సికోకి మారింది, హీరో మళ్లీ మారాడు. 1991లో నాలుగోది బల్గేరియాలో తీశారు, రిక్ హిల్ తిరిగొచ్చాడు.