జానపదమైతే ఎవరి సొత్తూ కాదా? పర్లాకిమిడి రికార్డింగ్ గది నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నాది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. పాడేవాళ్లు రెండు వైపుల నుంచీ వస్తారు, వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అంటారు: "జానపదం కదన్నా, దీనికి కాపీరైట్ ఏంటి?" ఈ ఒక్క మాట వల్ల పోయినంత డబ్బు ఇంకే కారణంతోనూ పోవడం నేను చూడలేదు.

పోయినేడాది ఒక తమ్ముడు రెండో ఆల్బం చేశాడు. పాటలు తనే రాసుకుంటాడు, తనే పాడతాడు. యూట్యూబ్‌లో పెట్టిన మూడో రోజు, రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, స్ట్రైక్ పడింది, ఛానల్ పోతుందట, అందరూ అంటున్నారు." ఏడుపొక్కటే తక్కువ. చూస్తే అది క్లెయిమ్, అంటే "ఈ వీడియోలో మా పాట ఉంది" అని ఇంకొకరు హక్కు చెప్పుకోవడం. స్ట్రైక్ అంటే కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ వీడియో తీసేసి ఛానల్‌కు పెట్టే మచ్చ. స్ట్రైక్ వేరు, క్లెయిమ్ వేరు, ఎన్నిసార్లు చెప్పాలో! క్లెయిమ్ వస్తే మహా అయితే ఆ వీడియో డబ్బులు అవతలివాళ్లకు పోతాయి, లేదా వీడియో ఆగుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే అప్పుడు టెన్షన్ పడండి.

క్లెయిమ్ వేసింది ఇతని మొదటి ఆల్బం విడుదల చేసినవాళ్లే. అందులోని ఒక పాటను ఇతను ఈసారి కొత్తగా పాడాడు. కాగితం ఏదైనా ఉందా అంటే మర్నాడు తెచ్చాడు, నాలుగు మడతలు పెట్టిన స్టాంప్ పేపర్, మొత్తం ఒడియాలో టైపు చేసి ఉంది. ఒడియా గలగలా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. కింద మాత్రం గుండ్రటి తెలుగులో సంతకం! నేను చదివాను: "సమస్త అధికార", అంటే అన్ని హక్కులూ, వాళ్లదే అని ఉంది, ఎన్నేళ్లకో లేదు. అదే అతన్ని కాపాడింది. కాలం రాయకపోతే ఐదేళ్లేనని చట్టం లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సంతకం 2016లో పెట్టాడు, అంటే 2021కే సాహిత్యం తిరిగి అతనిది. పాత రికార్డింగు మాత్రం వాళ్లదే, దాన్ని ముట్టుకోకూడదు. వరస వాళ్ల అమ్మమ్మ నాట్లప్పుడు పాడినది, అది ఎవరి సొత్తూ కాదు. క్లెయిమ్ చెల్లదని యూట్యూబ్‌లో డిస్ప్యూట్ పెట్టాం. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు ఉంటాయి, మూడో వారంలోనే వదిలేశారు.

మాట, వరస, రికార్డింగు: మూడూ మూడు హక్కులు. పాత వరసకు మీరు కొత్త మాటలు కడితే ఆ మాటలు మీవి, మీ తర్వాత ఇంకో 60 ఏళ్లు మీ పిల్లలవి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత రాసినవాళ్ల రాయల్టీ వాటాను సంతకం పెట్టించి లాక్కోవడం కూడా కుదరదు.

మన ఒడిశాలోనే "రంగబతి" చూడండి. అనాదిగా వస్తున్న సంబల్‌పురి పాట అనుకునేవాళ్లే ఎక్కువ. రాసింది మిత్రభాను గౌంతియా, బాణీ ప్రభుదత్త ప్రధాన్. 2015లో ఒక టీవీ కార్యక్రమం దాన్ని కొత్తగా చేస్తే, మమ్మల్ని అడగలేదని ఇద్దరూ లీగల్ నోటీసు పంపారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వ్యూస్ ఉంటే డబ్బులొస్తాయా? వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ లేకపోతే (షార్ట్స్ లెక్క వేరే) యాడ్ డబ్బు మొదలే కాదు. ఆటోట్యూన్ వేస్తే ఎవరైనా పాడేయొచ్చా? శ్రుతి సర్దుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అది నేర్పదు. గిటార్ పెడితే జానపదం చచ్చిపోతుందా? భాగవతాల్లో వాయించే హార్మోనియం ఫ్రాన్స్‌లో పుట్టిన పెట్టె, దాన్నెవరూ అడగలేదు మరి.

రెండో ఆల్బం ఎప్పుడూ మొదటిదానంత ఉండదనేది ఇంకో పుకారు. ఇతని మొదటిదాన్ని కూడా అప్పట్లో ఎవరూ మెచ్చుకోలేదు, ఇప్పుడు రెండోది వచ్చాక "మొదటిదే బాగుంది" అంటున్నారు. పాతపట్నం వాళ్లకేమో యాస ఒడియాలా ఉందట, ఇక్కడివాళ్లకేమో మరీ శ్రీకాకుళంలా ఉందట. పాపం, రెండు వారాలు ఫోన్ కట్టేసుకుని కూర్చున్నాడు.

వచ్చిన వంకల్లో ఒక్కటి మాత్రం నిజం. తప్పెటగుళ్ల (గుండెకు రేకు వాయిద్యం కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట) పాటలో కాలి గజ్జెలు వినపడట్లేదని ఎవరో రాశారు. గుండెల మీది రేకు చప్పుడు చూసుకుని మైకు అక్కడే పెట్టాను, కాళ్ల దగ్గర ఇంకోటి పెట్టడం మర్చిపోయాను. ఆ తప్పు నాది.